అంచు కోయని పేజీలు

“బాగుంది మేడం.”

“ఎలా బాగుంది?”

“చాలా బాగుంది మేడం.”

హైస్కూలు పిల్లల్ని శనివారం సాయంత్రాలు కూర్చోబెట్టి, చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు మాట్లాడించాలని లైబ్రేరియన్ ఎంతో ముచ్చటపడి మొదలుపెట్టిన సమావేశంలో ఇంతవరకూ ఆవిడ చెవిన పడ్డ అభిప్రాయాలన్నీ ఇంతే. వస్తారు, రాకేం. ఫ్యాను కింద కుర్చీల కోసం తోసుకుంటారు, గోడకున్న ప్లగ్గులో ఫోను పెట్టుకోవడానికి వంతులేసుకుంటారు. తీరా నోరు విప్పమంటే, కుర్చీ కింద చెప్పులేవో పోయినట్టు అందరూ ఒకేసారి తలలు వంచేస్తారు.

“పోనీ కథేమిటో చెప్పు నాన్నా,” అందావిడ, ముందు వరసలో మోకాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతున్న పొడుగబ్బాయితో.

“అంటే... ఒకాయన ఉంటాడు మేడం.”

“ఉండి?”

“ఉండి... చివరిదాకా ఉంటాడు.”

గది గొల్లుమంది. ఆవిడకీ నవ్వొచ్చింది గాని, బిగబట్టుకుని కళ్ళజోడు కోసం బల్లంతా తడిమింది. ముక్కుమీద ఒక జోడు, నెత్తిమీద ఒక జోడు ఉంటూండగానే మూడో దానికోసం వెతికే అలవాటు ఆవిడది. అందుకే పిల్లలు చాటున ‘కళ్ళజోళ్ళమ్మ’ అంటారు. చాటున అనేది వాళ్ళ భ్రమ; ఆవిడకి ఎప్పుడో తెలుసు.

“నాకు నచ్చలేదు,” అంది కిటికీ గట్టుమీంచి ఒక గొంతు.

సిటీ బస్సు కండక్టరుగారమ్మాయి. తల్లి పోలికే గొంతు, ఎక్కడున్నా అవతలి వీధికి వినిపిస్తుంది. అందుకని స్నేహితులు ‘చిన్న కండక్టరు’ అని పిలుస్తారు, తనూ పలుకుతుంది.

“ఏం నచ్చలేదు?” అంది కళ్ళజోళ్ళమ్మ.

“ఆ పుస్తకంలో అందరూ మంచివాళ్ళే మేడం. ఫోటోకి నిలబడ్డట్టు ఉంటారు. అంత మంచివాళ్ళతో ఎంతసేపు కూర్చుంటాం? నేను మధ్యలో లేచి అన్నం తినేసి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఇంకా మంచిగానే ఉన్నారు.”

కళ్ళజోళ్ళమ్మకి ఆ పిల్లని అమాంతం ముద్దుపెట్టుకోవాలనిపించింది. వయసుకొచ్చిన పిల్ల, సిగ్గుపడి చస్తుంది, ఊరుకుంది. లేచి, నవలల బీరువా అడుగు అరలోంచి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తీసి, పమిటచెంగుతో దుమ్ము తుడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“ఇది మన రిటైర్డ్ స్టేషన్ మాస్టరుగారు రాసిన నవల. వచ్చే ఆదివారం ఆయనకి ఇక్కడే చిన్న సభ. పిల్లలెవరైనా పుస్తకం గురించి మాట్లాడితే బాగుంటుందని అధ్యక్షుడుగారు అన్నారు. నువ్వు మాట్లాడాలి.”

“నచ్చకపోతే?”

“నచ్చుతుందిలే. అందరూ బాగుందంటారు.”

“మీరు చదివారా మేడం?”

“ఆఁ... బాగుంటుంది,” అంది కళ్ళజోళ్ళమ్మ, పుస్తకంలో తేదీ ముద్ర వెయ్యడానికి తొందరగా వంగుతూ.

గురువారం మధ్యాహ్నం, కళ్ళజోళ్ళమ్మ గిన్నెలో జిగురు కలుపుకుని, అట్టలూడిన పుస్తకాలకి వెన్నున గుడ్డ అతికిస్తోంది. జిగురు మరీ పల్చనైతే గుడ్డ జారుతుంది, మరీ చిక్కనైతే ఎండాక పెళపెళలాడుతుంది. వేలితో చూసుకుంటూ రాయాలి. పక్కనే లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు పేపరు చదువుతున్నాడు. బజారులో మందుల షాపు ఆయనది. రోజూ భోజనమయ్యాక వచ్చి, పేపరంతా తిరగేసి, మడత పెట్టకుండా వెళ్ళిపోయే పెద్దమనిషి. మనసు చెడ్డది కాదు గాని, తొందర జాస్తి.

చిన్న కండక్టరు వచ్చి ఎర్ర అట్ట నవల బల్లమీద పెట్టింది.

“అయిపోయిందా?” అంది కళ్ళజోళ్ళమ్మ.

“రెండుసార్లయింది. మేడం, మీతో చాలా మాట్లాడాలి. అందులో రైలు గేటు కాసే గేటావిడ ఉంది చూడండి...”

ఈలోగా అధ్యక్షుడు, తనే సభ పెడుతున్న పుస్తకం కదా అని, చనువుగా అందుకుని తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పుస్తకం నడిమధ్య, వరసగా కొన్ని పేజీల పై అంచులు ఎలక కొరికినట్టు ఉన్నాయి. నూలు పోగుల్లా కాగితం పీచు లేచి ఉంది.

“ఏమ్మాయ్! ఏమిటీ చింపడం?”

“చింపలేదండీ. విప్పాను.”

“విప్పడానికి ఇదేమన్నా పార్సిలా?”

“పేజీలు అతుక్కుని ఉన్నాయండీ. పైన మూసుకుపోయి సంచుల్లా ఉన్నాయి. స్కేలు పెట్టి...”

“వినండి మేడం, వినండి! రాసినాయన బతికుండగా, ఆయన సభకి మూడు రోజులుందనగా, పుస్తకాన్ని స్కేలుపెట్టి కోసిందట. పైగా అతుక్కున్నాయట! ఇన్నేళ్ళుగా ఇంతమంది చదివిన పుస్తకం. నేనే ఏకబిగిన చదివాను. ఎవరికీ అతుక్కోనివి నీకే అతుక్కున్నాయా?”

ఆ పిల్ల కళ్ళజోళ్ళమ్మ వైపు చూసింది. పేపర్లు చదువుకునేవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు.

“చింపే పిల్లలకి సమావేశాలేమిటి, సభలో ఉపన్యాసాలేమిటి? ముందా లైబ్రరీ కార్డు తీసుకోండి. లేదా శనివారం వ్యవహారం మొత్తం కట్టిపెట్టేద్దాం. చెప్పండి.”

కళ్ళజోళ్ళమ్మ వేళ్ళకి జిగురు. ఆ జిగురు చేతినే చాపింది. ఒక్క పిల్ల కార్డుతో పోతుంది, మిగతావాళ్ళ శనివారం మిగులుతుందని లెక్కేసుకుంది. లెక్క బాగానే కుదిరింది గాని, ఆ పిల్ల కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అవతలి వీధికి వినిపించే గొంతు, ఆ గదిలోనే వినపడలేదు. కార్డు వేళ్ళకి అతుక్కుపోయి, సొరుగులో వెయ్యబోతే ఓ పట్టాన ఊడి రాలేదు.

శుక్రవారం పొద్దున్న లైబ్రరీ తలుపులు తీస్తూండగానే కండక్టరు వచ్చింది. భుజాన తోలు సంచి, చేతిలో టిక్కెట్ల మిషను. రోడ్డు మీద బస్సు ఇంజను ఆపకుండానే ఉంది.

“మేడంగారూ, ట్రిప్పుకి ట్రిప్పుకి మధ్య వచ్చాను, డ్రైవరు హారన్ కొట్టేలోపల చెప్పేసి వెళ్ళిపోతాను. మీరు మా పిల్లని తిట్టండి, నాకేం బాధ లేదు. నేనూ తిడతాను, వాళ్ళ నాన్నా తిడతాడు, అదేం అరిగిపోదు. కానీ చింపిందన్నారట. అది చింపదండీ. బస్సులో ఎవరైనా టిక్కెట్టు నలిపి పారేస్తేనే ఏరి జేబులో పెట్టుకునే రకం. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది. అడిగితే చెప్పదు. మా ఇంట్లో అది మాట్లాడకపోతే ఎలా ఉంటుందో తెలుసా? కరెంటు పోయినట్టుంటుంది.”

“అసలేమందమ్మా ఇంట్లో?”

“పేజీలు పైన మూసుకుని ఉంటే, మంచం మీద బోర్లా పడుకుని స్కేలుతో నెమ్మదిగా ఒక్కోటీ విప్పిందండీ. నేను కూర తరుగుతూ చూస్తూనే ఉన్నాను. కంగారుపడకే అని కూడా అన్నాను. ఆఖరిది విప్పబోయేసరికి వాళ్ళ తమ్ముడు స్కేలు పట్టుకుని బడికి పోయాడు. ఇది ఆగుతుందా? ఆ ఒక్కటీ గొట్టంలోకి చూసినట్టు కింద నుంచి కన్నుపెట్టి చదివేసింది. మెడ పట్టేసింది. నేనే నూనె రాశాను.”

బయట హారన్ మోగింది. కళ్ళజోళ్ళమ్మ వినిపించుకోలేదు. గబగబా ఎర్ర అట్ట నవల తీసింది. ముక్కుమీద జోడు తీసి, నెత్తిమీద జోడు దింపి పెట్టుకుంది. కొరికినట్టున్న పేజీలు ఒక్కోటే తిప్పింది. ఆఖరిది వేలికి రెండుగా తగిలింది. పైన మడత. చెక్కుచెదరని మడత. లోపల రెండు పేజీల నిండా అచ్చు.

ఎన్ని పుస్తకాలు విప్పి కుట్టిందో ఆ చేతులకి తెలుసు. అచ్చేసిన పెద్ద కాగితాన్ని మడతలు మడతలుగా పెట్టి, కట్టలన్నీ కలిపి కుట్టి, చివర్న మిషను కింద అంచులు కోస్తారు. అప్పుడే మడతలు తెగి, పేజీలు విడిపోతాయి. ఒక్క కట్ట కొంచెం కిందికి జారినా, కత్తి దాన్ని వదిలేసి మిగతావాటినే కోస్తుంది. ఈ పుస్తకంలో నడిమి కట్ట అలాగే గోరు మందాన కిందికి జారి ఉంది. ఆ పిల్ల చింపడమేమిటి? ప్రెస్సువాడు మరిచిపోయిన పని పూర్తి చేసింది.

అది అర్థమైన వెనకనే రెండోది అర్థమైంది. కళ్ళజోళ్ళమ్మ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

అంటే ఈ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. తీసుకెళ్ళినవాళ్ళున్నారు, తిరిగిచ్చినవాళ్ళున్నారు, ఆయన ఎదురుపడితే “అబ్బ, ఎంత బాగా రాశారండీ” అన్నవాళ్ళున్నారు. నడిమి పేజీలు దాటినవాడు ఒక్కడూ లేడు. తను దాటిందా? తనూ అంది. ఆయన పేపరు కోసం వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, “మీ నవల చాలా బాగుంది సార్” అంది. ఎలా బాగుందని ఆయన అడగలేదు కాబట్టి సరిపోయింది.

“ఏమైందండీ?” అంది కండక్టరు. 

“మీ అమ్మాయి తప్పేం లేదమ్మా. నాదే.” సొరుగు లాగి కార్డు తీసింది. ఒక మూల ఇంకా జిగురు మరక ఉంది. “ఇదిగో, ఇది ఇచ్చి, ఆదివారం తప్పకుండా రమ్మని చెప్పండి. మాట్లాడాలి తను.”

కండక్టరు చెయ్యి చాపలేదు. “నా చేతికిస్తే ఎలాగండీ? తీసుకున్నది అందరి ముందూ కదా.” అని, హారన్ మళ్ళీ మోగేసరికి, “వస్తున్నానయ్యా బాబూ, బస్సేం పారిపోదు!” అని అక్కణ్ణించే ఒక్క కేక పెట్టి, సంచి సర్దుకుని పరుగెత్తింది.

ఆ రెండు రోజులూ కళ్ళజోళ్ళమ్మకి అన్నం సయించలేదు. కార్డు అందరి ముందూ ఇవ్వడం పెద్ద పనేం కాదు. ఎందుకిస్తున్నావని అడుగుతారు. పేజీలు మూసుకుని ఉన్నమాట నిజమేనని చెప్పాలి. చెబితే, ఎదురుగా కుర్చీలో స్టేషన్ మాస్టరుగారుంటారు. ఉద్యోగమంతా రైళ్ళు ఆపి, పంపి, మిగిలిన వేళల్లో రాసుకున్న ఒకే ఒక్క పుస్తకం. ఇంట్లో ఉన్న ప్రతులన్నీ చెదలపాలయ్యాయట, మిగిలింది ఇదొక్కటే. ఆయనతో, ‘మాస్టారూ, మీ పుస్తకం ఎవరూ చదవలేదు’ అని, ఆయన సభలోనే చెప్పాలి. ఆ పిల్ల పక్షాన నిలబడాలంటే ఈ పెద్దాయన మనసు విరగ్గొట్టాలి. చివరికి, పేజీల సంగతి ఎత్తకుండా, పొరపాటు నాదేనని మాత్రం చెప్పి గట్టెక్కుదామని తీర్మానించుకుంది.

ఆదివారం సాయంత్రం కుర్చీలు చాలక బెంచీలు కూడా వేశారు. స్టేషన్ మాస్టరు ఇస్త్రీ చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, రైలు రాకముందు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే నిటారుగా కూర్చున్నాడు. పిల్లలందరూ వచ్చారు. వెనక తలుపు దగ్గర కండక్టరు, యూనిఫారంలోనే, కూతురి జబ్బ పట్టుకుని నిలబడింది. పట్టు వదిలితే ఆ పిల్ల పారిపోయేట్టుంది.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. “ఈ నవల నేను ఏకబిగిన చదివాను. ముఖ్యంగా ఆ దొంగ! అర్ధరాత్రి టిక్కెట్ల గదిలో దూరిన ఆ దొంగ ఘట్టం ఉందే... ఒళ్ళు గగుర్పొడిచిందంటే నమ్మండి. మాస్టారు నన్ను ఎప్పుడడిగినా నేను ఒకటే చెబుతాను, దొంగంటే ఆ దొంగే!”

చప్పట్లు మోగాయి. స్టేషన్ మాస్టరు తల వంచి నమస్కారం పెట్టాడు.

చప్పట్లు ఆగీ ఆగకముందే కళ్ళజోళ్ళమ్మ లేచింది. అధ్యక్షుడు కనుబొమలెగరేశాడు. బల్ల అంచు పట్టుకుని, “మొన్న నేనొక పిల్ల కార్డు తీసేసుకున్నాను. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. కనుక్కోకుండా తీసుకున్న తప్పు నాది,” అంది. “రామ్మా, కార్డు తీసుకో. తీసుకుని, పుస్తకం గురించి చెప్పు.”

తల్లి జబ్బ వదిలింది. వదలడమేమిటి, ముందుకు తోసింది. చిన్న కండక్టరు వచ్చి కార్డు అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుని జేబులో పెట్టుకుంది. మైకు దగ్గరికి పోలేదు; ఆ గొంతుకి మైకెందుకు?

“తాతగారూ, నమస్కారం. మొదటి సగం నాకు నచ్చలేదండీ.”

బెంచీల మీద గుసగుసలు. స్టేషన్ మాస్టరు ముందుకి వంగాడు.

“ఆ గుమాస్తా ఎప్పుడూ ఏడుస్తుంటాడు. బదిలీ అయిందని ఏడుస్తాడు, రద్దయిందని ఏడుస్తాడు. కానీ మధ్యలో గేటావిడ వచ్చాక కింద పెట్టలేకపోయాను. పెద్దాఫీసరు కారులోంచి దిగి గేటు తియ్యమని అరుస్తాడు కదండీ, రైలు దరిదాపుల్లో కూడా లేదంటాడు. ఆవిడ తియ్యదు. రైలు వెళ్ళేదాకా తియ్యదు. అక్కడ ఆవిడ ఒక్కమాట కూడా మాట్లాడదు, గేటు గొలుసు చేతికి చుట్టుకుని నిలబడుతుంది. అబ్బ! ఆ పేజీలే అసలు పుస్తకం. కానీ తాతగారూ, ఆ పేజీలే మూసుకుపోయి ఉన్నాయి. స్కేలుతో నేనే విప్పాను. నేను విప్పేదాకా ఎవరూ...”

అప్పటికి తనేం చెబుతోందో ఆ పిల్లకే తెలిసి, ఠక్కున ఆగిపోయింది.

కళ్ళజోళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. అధ్యక్షుడు ఎదురుగా ఉన్న నీళ్ళ సీసా మీద అక్షరాలు శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

“అలాగా,” అన్నాడు స్టేషన్ మాస్టరు నెమ్మదిగా. “అయితే పుస్తకమంతా చదివావన్నమాట. మరి ఆ దొంగ ఎలా ఉన్నాడమ్మా?”

“దొంగా?”

“అదే, టిక్కెట్ల గదిలో దూరినవాడు. ఇందాక అధ్యక్షుడుగారు చెప్పారే.”

ఆ పిల్ల అధ్యక్షుడి వంక చూసింది, కళ్ళజోళ్ళమ్మ వంక చూసింది. చేతి వేళ్ళు జేబులోని కార్డు మీదికి పోయాయి. ఒక్క ‘బాగున్నాడు తాతగారూ’ అంటే అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

“దొంగ లేడండీ. నేను రెండుసార్లు చదివాను. మీ పుస్తకంలో దొంగే లేడు.”

“లేడు!” స్టేషన్ మాస్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. “లేడమ్మా! లేనే లేడు! ఇన్నేళ్ళనుంచీ ఎంతోమందిని అడుగుతున్నాను, దొంగ ఎలా ఉన్నాడని. బ్రహ్మాండం అన్నవాడే గాని, ఎవడండీ ఆ దొంగ అన్నవాడు లేడు. మా సొంత తమ్ముడు, ఆ దొంగని తలుచుకుంటే కన్నీళ్ళాగవన్నాడు! వాడు ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ఇహ వాడి మీద ఇంకో నవల రాయక తప్పదనుకున్నాను.”

మొదట నవ్వింది పొడుగబ్బాయి. ఆపుకోవాలని చూశాడు గాని కుర్చీతో సహా కదిలిపోయాడు. ఆ తరవాత గది గదంతా పడీ పడీ నవ్వింది. పెద్దాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. కళ్ళజోళ్ళమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకుంది, అదీ తడిసింది. అధ్యక్షుడు కాసేపు ఎర్రబడి, కాసేపు సీసా తిప్పి, చివరికి తనూ భుజాలెగరేస్తూ, “ఏం చెయ్యమంటారు మాస్టారూ, మీరంత ఖచ్చితంగా అడిగితే, దొంగ ఉన్నాడేమోననుకున్నాను!” అన్నాడు. దానికి ఇంకోసారి నవ్వారు.

“ఇక్కడికి రా,” అన్నాడు స్టేషన్ మాస్టరు ఆ పిల్లతో, పక్క కుర్చీ లాగి. “ఇప్పుడు చెప్పు. చివర ఎలా ఉంది?”

“చివర తప్పు రాశారండీ.”

“ఏమిటి తప్పు?”

“గేటావిడ ఉద్యోగం వదిలేసి ఎందుకెళ్ళిపోతుంది? ఎవరు పొమ్మన్నారు?”

“పొమ్మనక్కర్లేదమ్మా. ఆఫీసరు మాటలు పడలేక...”

“అంత పెద్ద కారునే ఆపిన మనిషి మాటలకి వెళ్ళిపోతుందా?”

“అదే కదండీ!” అంది కండక్టరు వెనకనుంచి, ఆగలేక. “నన్ను రోజూ ఎంతమంది ఎన్ని మాటలంటారు! దిగిపోతానా ఏంటి బస్సు?”

“మీ అమ్మగారి సంగతి వేరమ్మా, నా కథలో ఆవిడకి ఎవరూ లేరు...”

“ఎవరూ లేకపోతే మరీ ఉండాలి! ఎక్కడికెళుతుంది?”

“నువ్వు నా మాట వినవే!”

“మీరే వినడం లేదు తాతగారూ!”

“అసలు ఆఫీసరు తప్పేముంది?” అన్నాడు పొడుగబ్బాయి, ఎప్పుడు వచ్చాడో వాళ్ళ వెనకాల నిలబడి. “నిజంగానే తొందర పనుందేమో.”

“చదవకుండా మాట్లాడకు!” అని తాతా, పిల్లా ఒక్కసారే కసిరారు.

“అయితే ఇవ్వండి, చదివే మాట్లాడతాను,” అని వాడు పుస్తకం అందుకోబోయాడు. జడల పిల్ల ఒకతి అంతకుముందే అట్ట పట్టుకుని ఉంది. ఇంకొకడు నేను ముందడిగానన్నాడు. గోడ ప్లగ్గులో ఫోన్లు అలాగే వేలాడుతున్నాయి. మళ్ళీ చింపేస్తారర్రా అని కళ్ళజోళ్ళమ్మ పుస్తకం లాక్కుని గుండెలకానించుకుంది.

“వరసగా నిలబడండి. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు.”

నిలబడ్డారు. తోసుకున్నారు, సర్దుకున్నారు. అధ్యక్షుడు కూడా గోడమీది గడియారం చూస్తున్నట్టు నటిస్తూ వచ్చి వరస చివర చేరాడు. స్టేషన్ మాస్టరూ చిన్న కండక్టరూ మాత్రం కదల్లేదు. గేటావిడ ఉండాలా, పోవాలా అని అక్కడే తేల్చుకుంటున్నారు.

కళ్ళజోళ్ళమ్మ పుస్తకం బల్లమీద పెట్టి, తేదీ ముద్ర సిరాలో అద్దింది. అద్దిన చెయ్యి గాలిలోనే ఆగింది. “ఒరేయ్, ఈ రాత్రికి నేను చదివేసుకుని రేపు పొద్దున్నే ఇస్తాను. ఒక్క రాత్రి,” అంది బతిమాలుతున్నట్టు.

“అదేం కుదరదు మేడం,” అన్నాడు వరసలో మొదట నిలబడ్డ పొడుగబ్బాయి, చెయ్యి చాపి. “అధ్యక్షుడుగారి వెనకాల నిలబడండి.”

“పోనీ ఆ గేటావిడ సంగతి ఒక్కటి చెప్పమ్మా,” అని ఆవిడ చిన్న కండక్టరు వైపు తిరిగింది.

“చెప్పను మేడం,” అంది ఆ పిల్ల, వాదన ఆపకుండానే. “చదివి మీరే చెప్పండి.”

కళ్ళజోళ్ళమ్మ ముద్ర వేసింది. పుస్తకం వాడి చేతికిచ్చి, బల్ల వెనకనుంచి ఇవతలికి వచ్చి, వరస చివరికి వెళ్ళి నిలబడింది.